కారం కాదు

మా నాన్న 2016 మే చివర్లో పోయాడు. రోహిణి కార్తె, గుంటూరు ఎండ. వచ్చిన ఆడవాళ్ళందరూ అమ్మని పట్టుకుని ఏడ్చారు. అమ్మ కూడా ఏడ్చింది, గొంతు పూర్తిగా పోయేదాకా. కంట్లోంచి మాత్రం చుక్క నీరు రాలేదు. కళ్ళు నిప్పుల్లా ఎర్రగా ఉన్నాయి, చెంపలు పొడిగా ఉన్నాయి. అస్తమానం కొంగుతో కళ్ళొత్తుకుంటోంది కానీ ఆ కొంగు తడవట్లేదని చుట్టూ కూర్చున్నవాళ్ళు కనిపెట్టారు. మా పెద్దత్తయ్య మొదటిరోజు "గుండె రాయి చేసుకుంది పిచ్చిది" అంది. పెద్దకర్మ నాటికి ఆ మాట "దాని గుండె రాయి" దగ్గరికొచ్చి ఆగింది. ఒక్క క్రియ ఊడిపోతే వాక్యం ఎంత మారిపోతుందో అప్పుడు గమనించాను. గమనించి ఊరుకున్నాను.

ఊరుకోవడమే కాదు, నేనూ అలాగే అనుకున్నాను. అమ్మకీ నాన్నకీ మధ్య పెద్దగా మాటలుండేవి కావు. ఇరవై ఏళ్ళు ఒకే ఇంట్లో ఇద్దరూ ఎవరి పని వాళ్ళు చేసుకుపోయారు. దుఃఖం కూడా అంతేనేమో అనుకున్నాను. తర్వాతి ఏడాది ఒక నవల మీద సమీక్ష రాస్తూ, అందులో భర్త పోయిన ఆవిడ గురించి 'ఆమె పొడి కళ్ళే ఆమె తిరుగుబాటు' అని రాశాను. బాగా రాశావని పదిమంది అన్నారు. ఆ వాక్యం నవల్లోంచి రాలేదు, మా ఇంటి వసారాలోంచి వచ్చింది.

ఇప్పుడు చెప్పబోయేది ఆ కళ్ళ గురించే. అవి తిరుగుబాటు చెయ్యలేదు. వాటికి జబ్బు చేసింది.

మా నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. సీజన్లో ఆయన చొక్కా విప్పి దండెం మీద వేస్తే పక్కగదిలో ఉన్నవాళ్ళు తుమ్మేవాళ్ళు. అలాంటి ఇంట్లో, అలాంటి ఊళ్ళో, ఒక ఆడమనిషి "కళ్ళు మండుతున్నాయి" అంటే ఎవరు వింటారు? గుంటూరులో కళ్ళు మండటం జబ్బు కాదు, వాతావరణం. అమ్మ 2009 నుంచీ చెబుతూనే ఉంది, కంట్లో ఇసుక పోసినట్టుందని. కారం అన్నాం. నాన్న బట్టలు విడిగా ఉతకమన్నాం. నందివర్ధనం పూలు కళ్ళ మీద పెట్టుకుంది. పన్నీరు వేసుకుంది. పడుకునేముందు కళ్ళకి ఆముదం రాసుకుంది. తలకి కొబ్బరినూనె మాని ఆముదమే పెట్టింది కొన్నాళ్ళు. టీవీ ఎక్కువ చూస్తోందని మేమే కేబుల్ కనెక్షన్ తీయించాం. ఇది తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది, నా మీద నాకే.

ఆవిడ చెప్పిన రెండోది కూడా విని వదిలేశాం. నోరు ఎండిపోతోందని. అన్నంలో ముద్దముద్దకీ నీళ్ళు తాగేది. చక్కిలాలు, అరిసెలు చేసేది కానీ తినేది కాదు, "గొంతు దిగవురా" అనేది. షుగరేమోనని నాలుగుసార్లు రక్తపరీక్ష చేయించాం. లేదు. యాభై దాటకముందే పళ్ళు ఒక్కోటీ పుచ్చిపోయి ఊడటం మొదలుపెట్టాయి. తమలపాకు కూడా వేసుకోని మనిషికి పళ్ళెందుకు పోతున్నాయని అడగాలని ఎవరికీ తోచలేదు. పళ్ళ డాక్టరు పన్ను పీకాడు, కళ్ళ డాక్టరు చుక్కలమందు రాశాడు, మోకాళ్ళ నొప్పికి ఆర్‌ఎంపీ సూది వేశాడు. మా అమ్మని ముగ్గురు మూడు ముక్కలుగా చూశారు. నేను నాలుగోవాణ్ణి, దూరంగా హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్లో "నీళ్ళు ఎక్కువ తాగమ్మా" అన్నవాణ్ణి.

ఈ కథ మలుపు తిరిగింది నా కళ్ళ వల్ల. 2021, కొండాపూర్‌లో అద్దె ఫ్లాట్, రెండు మానిటర్లు, నెత్తిమీద ఏసీ. మనిషి మామూలుగా నిమిషానికి పది పదిహేనుసార్లు రెప్ప వేస్తాడు. స్క్రీన్ ముందు ఆ లెక్క బాగా పడిపోతుంది, వేసిన రెప్పలు కూడా సగమే వేస్తాం. మధ్యాహ్నం అయ్యేసరికి కళ్ళు మంటలు. కింద మెడికల్ షాపులో అడిగితే "ఎరుపు పోవడానికి" అని ఒక చుక్కలమందు ఇచ్చాడు. అద్భుతంగా పనిచేసింది. రెండ్రోజుల్లో కళ్ళు తెల్లగా అయిపోయాయి. మానేస్తే వారంలో మళ్ళీ మొదలు. మళ్ళీ వేసుకున్నాను. అలా నాలుగు నెలలు. సీసా మీద ఏం రాసుందో చదవలేదు. రోజంతా ఇతరుల కోడ్ చదివి తప్పులు పట్టడం నా ఉద్యోగం, అదో తమాషా.

అది స్టెరాయిడ్. చివరికి కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళేసరికి నా కంటి ప్రెషర్ 29 ఉంది. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలి. ఇంకొన్నాళ్ళు ఇలాగే పోతే గ్లాకోమా వచ్చి చూపు అంచుల నుంచి తినేసేదని, శుక్లాలు కూడా రావచ్చని ఆవిడ చాలా నెమ్మదిగా, ప్రతి పదం ఒత్తి చెప్పింది. తిట్టి ఉంటే బాగుండేది. మందు ఆపాక కొన్ని వారాల్లో ప్రెషర్ దిగింది.

నేను అప్పుడొక తెలివైన ప్రశ్న అడిగాననుకున్నాను. "కళ్ళు పొడిబారితే నీళ్ళ చుక్కలు కదా పనిచెయ్యాలి, మరి స్టెరాయిడ్ ఎందుకు పనిచేసింది?" ఆవిడ మొదటిసారి నవ్వి, "అదే కదా అసలు విషయం" అంది.

తర్వాత ఆ అసలు విషయాన్ని ఏడాదిపాటు చదివాను. దొరికిన పేపర్లన్నీ. నేను డాక్టర్ని కాను, అర్థమైనంతవరకే చెబుతాను.

కంటి మీద కన్నీటి పొర ఉంటుంది. మందం మిల్లీమీటర్‌లో వెయ్యోవంతుల లెక్క, మహా అయితే నాలుగైదు. అడుగున జిగురు, మధ్యలో నీరు, పైన ఆవిరి కాకుండా పల్చటి నూనె. చాలాకాలం పాటు ఈ జబ్బుని కుళాయి సమస్యలా చూశారు. నీళ్ళు తక్కువ వస్తున్నాయి, బయటినుంచి పోయండి, లేదా ముక్కులోకి పోయే కాలవకి చిన్న బిరడా పెట్టి ఉన్న నీటిని ఆపండి. ఇవి తప్పు కాదు, ఇప్పటికీ చేస్తారు. కానీ పొర పల్చబడ్డప్పుడు ఇంకొకటి జరుగుతుంది. వేసవిలో చెరువు ఎండేకొద్దీ మిగిలిన నీళ్ళలో ఉప్పు పెరిగినట్టు, కన్నీటిలో కూడా ఉప్పు పెరుగుతుంది. ఆ ఉప్పుకి కంటి పైపొర కణాలు దెబ్బ తగిలిందని కేకవేస్తాయి. ఆ కేక రసాయనాల రూపంలో ఉంటుంది. దాన్ని విని డెండ్రిటిక్ కణాలనే వార్తాహరులు అక్కడినుంచి బయల్దేరి దగ్గర్లోని లింఫ్ గ్రంథికి పోతారు. అక్కడ టీ కణాలు తయారవుతాయి, తిరిగి కంటికి వస్తాయి. కాపాడటానికే వస్తాయి. వచ్చి చేసేదేమిటంటే, జిగురు తయారుచేసే గోబ్లెట్ కణాలని చంపుతాయి, కార్నియా పైపొరలో కణానికీ కణానికీ మధ్య ఉన్న అతుకులు ఊడగొడతాయి. దాంతో పొర ఇంకా పల్చబడుతుంది. ఉప్పు ఇంకా పెరుగుతుంది. కేక ఇంకా పెద్దదవుతుంది.

మా ఆఫీసులో ఒకసారి ఇలాగే జరిగింది. సర్వర్ నెమ్మదించిందని మానిటరింగ్ ప్రోగ్రాం దాన్ని రీస్టార్ట్ చేస్తుంది. రీస్టార్ట్ అవుతున్నప్పుడు మిగతా సర్వర్ల మీద బరువు పడి అవి నెమ్మదిస్తాయి. వాటినీ రీస్టార్ట్ చేస్తుంది. తెల్లవారుజామున మూడింటికి నేను చేసిన పని సర్వర్లు బాగుచెయ్యడం కాదు, కాపలా ప్రోగ్రాం ఆపడం. స్టెరాయిడ్ కూడా అంతే. కాపలావాళ్ళందరినీ ఒకేసారి ఇంటికి పంపేస్తుంది, అందుకే రెండ్రోజుల్లో పనిచేస్తుంది, అందుకే ఎక్కువకాలం వాడకూడదు.

ఇదంతా ఎలా తెలిసిందన్నది నాకు ఇంకా నచ్చింది. 2006లో అమెరికాలో అచ్చయిన ఒక ప్రయోగం. కొన్ని ఎలుకలని పొడిగాలి గదిలో పెట్టి, ఫ్యాన్ వేసి, కన్నీరు తగ్గించే మందిచ్చి, వాటి కళ్ళు పొడిబారేలా చేశారు. తర్వాత వాటి శరీరంలోంచి టీ కణాలు తీసి, పుట్టుకతోనే టీ కణాలు లేని వేరే ఎలుకలకి ఎక్కించారు. ఈ రెండో రకం ఎలుకలు ఆ గదిలోకి ఎప్పుడూ పోలేదు. వాటికి ఏ ఫ్యాన్ గాలీ తగల్లేదు. వాటి కన్నీటి గ్రంథిలో, కంటి మీద ఇన్‌ఫ్లమేషన్ మొదలైంది, కళ్ళు పొడిబారాయి. గాలి ఒకళ్ళకి, జబ్బు ఇంకొకళ్ళకి. అంటే జబ్బు గాలిలో లేదు, ఆ గాలిని గుర్తుపెట్టుకున్న కణాల్లో ఉంది. ఆ పేపర్ చదివిన రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. కేబుల్ కనెక్షన్ తీయించినా, మిర్చి యార్డు మూసేసినా, నాన్న చొక్కాలు లేకపోయినా అమ్మ కళ్ళు ఎందుకు మండుతూనే ఉన్నాయో అందులో ఉంది.

అప్పటికి అమ్మ సంగతి తెలిసింది. నా రెండో అపాయింట్‌మెంట్‌లో డాక్టర్ నాకు షిర్మర్ పరీక్ష చేసింది. 1903 నాటి పరీక్ష, ఇంకా వాడుతున్నారు. సన్నని వడపోత కాగితం ముక్కని కింది రెప్పకి తగిలించి ఐదు నిమిషాలు ఆగుతారు. ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో చూస్తారు. నాది తొమ్మిది. పది దాటితే ఫరవాలేదు, ఐదు లోపైతే గట్టి సమస్య. ఆ ఐదు నిమిషాల్లో ఆవిడ ప్రశ్నలడిగింది. నోరు ఎండుతుందా? లేదు. కీళ్ళ నొప్పులు? లేవు. ఇంట్లో ఎవరికైనా?

రెప్పలకి కాగితాలు వేలాడుతుండగా నేను అమ్మ గురించి చెప్పాను. చెబుతుంటే మొదటిసారి నాకే వినిపించింది. కళ్ళు, నోరు, పళ్ళు, మోకాళ్ళు, అన్నీ ఒకే వాక్యంలో.

2022 సంక్రాంతికి ఇంటికెళ్ళి, పండగ అవగానే అమ్మని హైదరాబాద్ తీసుకొచ్చాను. అదే పరీక్ష. కాగితం పెట్టిన అమ్మాయి కలివిడిగా మాట్లాడుతూ "ఉల్లిపాయలు కోస్తే నీళ్ళొస్తాయా అమ్మా?" అంది. "రావమ్మా. అందరూ ఏడుస్తారు, నేను ఏడవను. అదొక వరం అనుకున్నా ఇన్నాళ్ళూ" అంది అమ్మ. కుడికంటిది ఒక మిల్లీమీటరు, ఎడమకంటిది రెండు. తర్వాత రక్తపరీక్షలు, కింది పెదవి లోపలినుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ. షోగ్రెన్ సిండ్రోమ్. శరీరపు కాపలా కణాలే కన్నీటి గ్రంథినీ, లాలాజల గ్రంథినీ పట్టుకుని తినేసే జబ్బు. పొడికళ్ళున్న అందరికీ ఇది ఉండదు. నాకు లేదు, నాది ఏసీ, స్క్రీన్ బాపతు. కానీ రెండుచోట్లా మంట పెట్టేది ఆ టీ కణాలే. మాకిద్దరికీ ఒకే చుక్కలమందు రాశారు.

షోగ్రెన్ అన్నది ఒక స్వీడిష్ కళ్ళ డాక్టరు పేరు. హెన్రిక్ షోగ్రెన్. 1933లో పందొమ్మిదిమంది ఆడవాళ్ళ కేసులతో థీసిస్ రాశాడు. కళ్ళు పొడి, నోరు పొడి, చాలామందికి కీళ్ళ వాపులు, ఇవన్నీ ఒకే జబ్బని. పరీక్షించిన పెద్దలకి అది అంత గొప్పగా అనిపించలేదు, యూనివర్సిటీలో అధ్యాపకుడయ్యేందుకు కావలసిన గ్రేడు ఇవ్వలేదు. పందొమ్మిదిమంది ఆడవాళ్ళు చెప్పింది ఒకడు విని కలిపి చూస్తే ఇచ్చిన మార్కులు అవి. తర్వాత జబ్బుకి ఆయన పేరే పెట్టుకున్నారు.

చుక్కలమందు పేరు సైక్లోస్పోరిన్. దీని పుట్టుక నవలలో పెడితే నమ్మశక్యంగా లేదని నేనే సమీక్షలో రాసి ఉండేవాణ్ణి. స్విట్జర్లాండ్‌లో సాండోజ్ అనే మందుల కంపెనీ ఉండేది. ఉద్యోగులు సెలవులకి ఎక్కడికెళ్ళినా అక్కడి మట్టి కాస్త పొట్లం కట్టి తేవాలి, అందులో పనికొచ్చే బూజులేమైనా ఉన్నాయేమో చూస్తారు. 1969లో ఒకాయన నార్వేలోని హార్డంగర్‌విడ్డ అనే పీఠభూమి నుంచి తెచ్చిన మట్టిలో దొరికిన ఒక శిలీంధ్రం ఈ మందుకి మూలం. యాంటీబయాటిక్ కోసం వెతికారు. అందుకు పనికిరాలేదు. 1972లో అది రోగనిరోధక వ్యవస్థని అణచిపెడుతుందని తేలింది. మిగతా రక్తకణాలని చంపకుండా, టీ కణం లోపల 'మీ సంఖ్య పెంచండి' అనే ఆజ్ఞ మోసుకెళ్ళే ఒక ఎంజైముని మాత్రం పట్టుకుని ఆపుతుంది. కిడ్నీలు, గుండెలు మార్చినప్పుడు శరీరం వాటిని తిప్పికొట్టకుండా ఉండటానికి 1983లో అమెరికాలో అనుమతి వచ్చింది. అవయవ మార్పిడి అనేది మామూలు వైద్యంగా మారిందంటే చాలావరకు ఈ మందు చలవే.

అక్కడినుంచి కంటికి ఎలా వచ్చింది? కుక్కల ద్వారా. జార్జియా యూనివర్సిటీలో రెనీ కాస్వాన్ అనే పశువుల కళ్ళ డాక్టర్ 1980ల్లో కుక్కల పొడికళ్ళ మీద పనిచేసేది. కుక్కలకి ఈ జబ్బు బాగా వస్తుంది, చూపు పోతుంది. అప్పట్లో దానికున్న వైద్యం ఏమిటంటే, చెంపలో ఉండే లాలాజలపు గొట్టాన్ని ఆపరేషన్ చేసి కంట్లోకి మళ్ళించడం! కుక్క అన్నం చూడగానే కళ్ళవెంట నీళ్ళు కారేవన్నమాట. కాస్వాన్ సైక్లోస్పోరిన్‌ని కంట్లో వేసి చూసింది. కుక్కల సొంత కన్నీరు తిరిగి వచ్చింది. ఈ సంగతి అమ్మకి చెబితే లాలాజలం దగ్గరే ఆగిపోయింది. "నోట్లోనే లేదు, కంట్లోకి ఎక్కణ్ణించి తెస్తార్రా?"

మనుషులకి చుక్కలమందుగా 2002 డిసెంబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది, రెస్టాసిస్ అనే పేరుతో, 0.05 శాతం. ఇక్కడ నాకొక చిన్న కోపం ఉంది, చెప్పి ముందుకెళతాను. ఆ పేటెంట్లు పోకుండా చూసుకోవడానికి 2017లో అలర్గన్ కంపెనీ వాటిని సెయింట్ రెజిస్ మొహాక్ అనే ఆదివాసీ తెగ పేర రాసి, కోటీ ముప్ఫైఏడు లక్షల యాభైవేల డాలర్లు చేతిలో పెట్టింది. తెగలకి చట్టంలో సార్వభౌమత్వం ఉంది కాబట్టి పేటెంట్ ఆఫీసు వాటిని ప్రశ్నించలేదని ఎత్తుగడ. కోర్టులు ఒప్పుకోలేదు, పేటెంట్లు చెల్లవని టెక్సాస్‌లో జడ్జి అదే ఏడాది తేల్చాడు. అయినా అక్కడ జెనెరిక్ రావడానికి 2022 ఫిబ్రవరి పట్టింది. డాలస్‌లో ఉన్న మా పిన్ని కూతురికీ ఇదే జబ్బు. ఇండియా వచ్చినప్పుడల్లా ఆవకాయతో పాటు ఈ చుక్కలు కూడా సూట్‌కేసులో పెట్టుకుపోయేది. ఇక్కడ కొన్ని వందల రూపాయల్లో దొరుకుతాయి.

మందు మొదలుపెట్టిన రోజు అమ్మ ఫోన్ చేసింది. "ఇదేంట్రా, కారం నయం." నిజమే, చాలామందికి మండుతుంది, మానేసేవాళ్ళలో ఎక్కువమంది అందుకే మానేస్తారు. మా డాక్టర్‌కి తెలుసు కాబట్టి మొదటి రెండువారాలు తేలికపాటి స్టెరాయిడ్ కూడా రాసింది, ప్రెషర్ చూస్తూ, తేదీ పెట్టి. నేను నాలుగు నెలలు గుడ్డిగా వేసుకున్న బాపతు మందునే ఆవిడ వంతెనలా రెండువారాలు వాడింది. ఎందుకు వంతెన అంటే, సైక్లోస్పోరిన్ కొత్త టీ కణాలు పుట్టకుండా చూస్తుంది కానీ ఇప్పటికే వచ్చి కూర్చున్నవాటిని వెళ్ళగొట్టదు. అవి వాటంతటవి చావాలి. మూడు నెలలు, ఆరు నెలలు. రోజుకి రెండుసార్లు, మంట పెట్టే చుక్క, ఏ తేడా కనిపించకుండా. రెండ్రోజుల్లో తెల్లబడ్డ కళ్ళు రుచి చూసినవాణ్ణి, నాకు ఎంత కష్టమో అమ్మకి అంతకన్నా కష్టం. ఆవిడ పదమూడేళ్ళుగా అందరి మందులూ వాడి మోసపోయి ఉంది.

ఒకరోజు అడిగింది, "ఇది పనిచేస్తుందని నీకు తెలుసా?"

నాకు లెక్కలు తెలుసు. అనుమతి కోసం పెట్టిన పరీక్షల్లో, ఆరు నెలలు వాడాక, షిర్మర్ కాగితం మీద తడి పది మిల్లీమీటర్లు పెరిగినవాళ్ళు మందు వాడినవాళ్ళలో నూటికి సుమారు పదిహేనుమంది. మందులేని ఉత్త చుక్కలు వాడినవాళ్ళలో ఐదుగురు. అంతే. 2019లో కొక్రేన్ వాళ్ళు ముప్ఫై ట్రయల్స్ కలిపి చూసి, ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగట్లేదని, చాలాచోట్ల మామూలు కన్నీటి చుక్కలకీ దీనికీ తేడా తేలట్లేదని రాశారు. ఇందులో ఒక మెలిక ఉంది. ఉత్త చుక్క కూడా కంటిని తడుపుతుంది కదా, పోల్చడానికి వాడేది కూడా సగం మందే. పైగా పొడికన్ను అనేది ఒక జబ్బు కాదు. నూనె తక్కువైనవాళ్ళు, నీరు తక్కువైనవాళ్ళు, షోగ్రెన్‌వాళ్ళు, నాలాంటి స్క్రీన్‌గాళ్ళు అందరినీ ఒకే బుట్టలో వేసి ఒకే మందిస్తే సగటు ఎటూ తేలదు. రోగనిరోధక వ్యవస్థే అసలు దోషి అయినచోట ఇది పనిచేసే అవకాశం ఎక్కువని నాకు అనిపిస్తుంది. అనిపిస్తుంది అనే అన్నాను అమ్మతో కూడా. "పదిహేనుమందిలో ఉంటావేమో చూద్దాం" అన్నాను. "సరే, ఆర్నెల్లేగా" అంది.

ఆ ఆర్నెల్లలో వేరే దారులేమున్నాయో కూడా వెతికాను. ఎలుకల కథ నమ్మితే టీ కణాన్ని ఎక్కడైనా ఆపొచ్చు: పుట్టుక దగ్గర, ప్రయాణంలో, వచ్చి అతుక్కునేచోట. లిఫిటెగ్రాస్ట్ అనే చుక్కలు మూడోచోట ఆపుతాయి. టీ కణానికి చెయ్యి లాంటి ప్రొటీన్ ఒకటుంది, కంటి కణం మీద గడియ లాంటిది ఇంకొకటి. ఈ మందు ఆ చేతికి అడ్డం పడుతుంది. 2016 జూలైలో అమెరికాలో వచ్చింది. కంట్లో వేస్తే నోట్లో అదోరకం లోహపు రుచి వస్తుందట. కంటినుంచి ముక్కుకి, ముక్కునుంచి గొంతుకి దారి ఉందిగా. టీ కణాలు కాక బీ కణాలని కొట్టే రిటుక్సిమాబ్‌ని షోగ్రెన్ మీద బ్రిటన్‌లో 133 మందితో పరీక్షించారు. నీరసం, నోటి పొడి తగ్గలేదు. కీళ్ళ కోసం అమ్మకి రాసిన హైడ్రాక్సీక్లోరోక్విన్ సంగతీ అంతే. ఫ్రాన్స్‌లో 2014లో అచ్చయిన ట్రయల్‌లో పొడిదనం విషయంలో ఉత్త మాత్రకీ దానికీ తేడా రాలేదు. అమ్మ ఆ మాత్ర చూసి "ఇది కరోనాది కదరా" అంది. కరోనాకీ పనిచెయ్యలేదు, కళ్ళకీ పనిచెయ్యదు, మోకాళ్ళకి కాస్త పనిచేస్తున్నట్టుంది.

ఆర్నెల్ల తర్వాత కాగితం మీద మూడు, నాలుగు. నాది పదమూడు. నేను ఆ పదిహేనుమందిలో లేను, అమ్మా లేదు. పది మిల్లీమీటర్లు ఎవరికీ పెరగలేదు. కానీ రంగుచుక్క వేసి నీలికాంతిలో చూస్తే మొదటిసారి అమ్మ కార్నియా మీద చుక్కలు చుక్కలుగా అంటుకున్న రంగు ఈసారి అంచున మాత్రమే ఉంది. డాక్టర్ ఆ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూపించింది. అమ్మకి ఆ ఫొటోలు అక్కర్లేదు. "పొద్దున లేవగానే రెప్పలు విడదీసుకోనక్కర్లా" అంది. అంతకుముందు ప్రతిరోజూ పొద్దున్నే రెప్పలు వేళ్ళతో విడదీసుకునేదన్నమాట. ఆ సంగతి మాకు ఎప్పుడూ చెప్పలేదు. లేక చెప్పిందేమో.

గ్రంథిలో తినేసిన భాగం తిరిగి రాదు. ఏడిస్తే నీళ్ళు ఇప్పటికీ రావు. కన్నీళ్ళలో ఎన్ని రకాలున్నా అవసరమైనప్పుడు పొంగి చెంపమీదికి వచ్చేవన్నీ ఆ పెద్ద గ్రంథి నుంచే రావాలి.

ఆ సమీక్షని తీసెయ్యమని అడుగుదామని రెండుమూడుసార్లు అనుకున్నాను. ఎవరూ చదవట్లేదు దాన్నిప్పుడు. తీయించలేదు. అందులో మిగతావి బాగానే ఉన్నాయి, ఆ ఒక్క వాక్యం తప్ప.

2023లో నాన్న సంవత్సరీకానికి పెద్దత్తయ్య వచ్చింది. నాకు సెలవు దొరక్క ఒక్కరోజే వెళ్ళి వచ్చేశాను, కాబట్టి ఇది అమ్మ ఫోన్లో చెప్పిందే. మర్నాడు పొద్దున అమ్మ వసారాలో కూర్చుని చుక్కలు వేసుకుందట. ఒకటి ఎక్కువ పడి చెంపమీదికి జారింది. అత్తయ్య చూసి, దగ్గరికొచ్చి, తన కొంగుతో తుడిచి, "ఊరుకో అమ్మాయ్. ఏడిస్తే వస్తాడా వాడు" అందట.

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను. మందని చెప్పబోయి ఊరుకున్నా." కాసేపు ఆగి, "తనే ఏడ్చేసిందిరా, పాపం" అంది.

చెప్పాల్సింది కదా అన్నాను. చెబుదువుగాని నువ్వే, ఈసారి వచ్చినప్పుడు, అంది. నెలాఖరుకి చుక్కలు అయిపోతాయి, గుంటూరులో ఆ పెద్దశాతానిది దొరకట్లేదు, రెండు పెట్టెలు పంపమంది.